చెవిలో చెప్పిన పేరు

"పేరు తప్ప అన్నీ రాసుకో" అని పెరెస్ ఆకెచ్ నాతో అంది. కాబట్టి పడవలు బాగుచేసే ఆ మనిషి పేరు ఇందులో ఉండదు. పెరెస్ మరిది అనే రాస్తాను. ఆయన మా ఊరందరికీ తెలిసినవాడే, పేరు నాకూ తెలుసు. అయినా కాగితం మీద పెట్టబుద్ధి కావడం లేదు.

అసలు ఇది ఆయన కథ కాదు. మా పిన్ని నెరియా ఆవూర్ కథ.

పిన్ని పుట్టింది గెమ్ అనే ప్రాంతంలో. కోడలిగా వచ్చింది ఈ సరస్సు ఒడ్డు ఊరికి. ముప్పై ఏళ్లకే మొగుడు పోయాడు. మిషన్ వాళ్ల దవాఖానాలో నేల తుడిచే పనిలో చేరింది. రక్తపరీక్ష ఫలితం చేతిలో పెట్టుకుని బయటికొచ్చిన వాళ్లు వరండాలో బల్ల మీద కూలబడేవారు. పిన్ని తుడుపు కర్ర గోడకి ఆనించి వాళ్ల పక్కన కూర్చునేది. ఏమీ చెప్పేది కాదట, ఊరికే కూర్చునేది. నర్సులు అది గమనించారు. ఆరు వారాల శిక్షణకి పంపి, తెల్లకోటు ఇచ్చి, అలాంటివాళ్ల మాటలు వినడానికి లోపలి గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో పద్దెనిమిదేళ్లు కూర్చుంది.

బజారులో చేపలమ్మే ఆడవాళ్లు ఆమెని చూసి నవ్వేవారు. "మేం ఒమెనా చేపలు అమ్ముకుంటాం. ఈవిడ చెవులు అద్దెకిస్తుంది" అనేవారు. పిన్నీ నవ్వేది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

తర్వాత చట్టం వచ్చింది. మనుషుల బాధలు వినే పని చేసేవాళ్లకి చదువుండాలి, లైసెన్సుండాలి, నియమావళి మీద సంతకం ఉండాలి. అంతకుముందు ఎవరైనా బోర్డు తగిలించుకునేవారు. వేర్లమ్మేవాడు, చర్చి నుంచి వెళ్లగొట్టిన పాస్టరు, ఇన్సూరెన్సులో నెగ్గుకు రాలేనివాడు, అందరూ కౌన్సెలర్లే. పాత వాళ్లంతా చట్టాన్ని తిట్టుకుంటుంటే పిన్ని మాత్రం సంతోషించింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో కిసుము పట్నం వెళ్లి, తన కొడుకు వయసు పిల్లల మధ్య కూర్చుని డిప్లొమా చదివింది. నియమావళి మొత్తం స్కూలు నోటుపుస్తకంలో మా లువో భాషలోకి రాసుకుంది. ఇంగ్లీషులో ఉంటే ఆ మాట పాటించేది ఇంగ్లీషువాళ్లేగా, అనేది.

కొత్తగా ఎవరొచ్చినా మొదట అందులోంచి మూడు వాక్యాలు చదివేది. "నువ్వు ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది. నువ్వు ఇక్కడికి వచ్చావన్న మాట కూడా ఇక్కడే ఉంటుంది. నువ్వు పోయినా, నేను పోయినా."

ఇంగ్లీషు కాగితంలో ఆ చివరి మాట ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోయినవాళ్లని ఇంటి ముందే పాతిపెట్టుకునే మా దగ్గర దానికి బరువెక్కువ. మాట నిలబెట్టుకున్నామో లేదో చూసుకోవడానికి అవతలి మనిషి అందుబాటులోనే ఉంటాడు.

లైసెన్సు వెంటనే రాదు. రెండేళ్లు తాత్కాలిక కాగితం మీద పనిచెయ్యాలి. నెలకోసారి సూపర్‌వైజరు వచ్చి వింటుంది. చివర్లో ఆమె సంతకం చేస్తేనే అసలు లైసెన్సు. పిన్నికి సూపర్‌వైజరు కగేహా అనే ఆవిడ. విహిగా కొండల మనిషి, నర్సులకి పాఠాలు చెప్పి రిటైరైంది. పిన్ని ఒక మందుల షాపు వెనక గది తీసుకుంది. ముందు తలుపు వీధిలోకి, వెనక తలుపు రెల్లులోంచి సరస్సు వైపుకి. సిగ్గుపడేవాళ్లు వెనక నుంచే వచ్చేవారు. పడవ ఉన్నవాళ్లయితే నీటి మీదే వచ్చి వెళ్లిపోవచ్చు. ఎవరి కంటా పడరు.

ఆ ఏడు పెద్దవానల్లో పెరెస్ మరిదికి గుండెల్లో నెమ్ము చేరింది. మూడు రోజుల్లో పోయాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు, పెళ్లి లేదు. అన్న పోయాక కూడా వదిన పెరెస్ వాకిట్లోనే, కంచె పక్క గుడిసెలో ఉంటూ, ఆవిడ పెట్టిన ఉగాలి ముద్ద తింటూ ముప్పై ఏళ్లు గడిపాడు. పెళ్లి కాకుండా పోయాడు కనక ఇంటి ముందు కాకుండా కంచె వారన పాతారు. అలాంటివాడి పేరు పుట్టే బిడ్డలకి పెట్టరు. ఎవరూ పిలవరు కూడా.

ఇక్కడి నుంచి కొంత నాకు పెరెస్ చెప్పింది. మిగతాది కగేహా రాసిన ఒక రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు కంప్యూటర్లో టైపు చేసింది నేను. అందులో పేరు లేదు, ఊరు లేదు. "క్లయింటు ఎ, పురుషుడు, మరణించాడు" అని మాత్రమే ఉంది. పిన్ని నాతో ఒక్క ముక్క అనలేదు. ఈనాటికీ అనదు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నది నేనే.

రిపోర్టు ప్రకారం క్లయింటు ఎ వచ్చే సమయం మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు. గంట అంటారు గానీ యాభై నిమిషాలే. అతను పోయాక ఆ సమయం పిన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఖాళీగా ఉంచి, తను మాత్రం రోజూలాగే కుర్చీలో కూర్చునేది. రేకుల కప్పు వేడికి కణకణలాడుతుంటుంది. పైన బోడి కొంగలు గోళ్లతో గీరుతూ అటూ ఇటూ నడుస్తుంటాయి. పిన్ని కూర్చున్నచోటే కునుకు తీసేది.

మొదటి మంగళవారమే అతను వచ్చాడు. వెనక తలుపు తీసుకుని, మోకాళ్ల దాకా తడిసి, లోపలికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. సరస్సు వైపు తిరిగి నిలబడే ఉన్నాడు. యాభై నిమిషాలు కాగానే వెళ్లిపోయాడు. పిన్ని కళ్లు తెరిచేసరికి గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలు తక్కువ. వెనక గుమ్మం దగ్గర నేల తడిగా ఉంది. "వానాకాలం కాబట్టి వాన జల్లు కావచ్చు" అని రిపోర్టులో ఉంది. కింద ఇంకో వాక్యం: "ఆ రోజు వాన పడలేదు."

తర్వాతి మంగళవారం కూడా అంతే. ఆ తర్వాత వారం కూడా. పిన్ని ముందు రాత్రి బాగా నిద్రపోయి వచ్చింది, కాఫీ తాగి చూసింది, కుర్చీ మార్చి చూసింది. రెండు కొట్టేసరికి తల వాలిపోయేది. నాలుగో వారం అతని చేతులు మడిచి ఉన్నాయి, ఎవరో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు. చేతుల్లో మాత్రం ఏమీ లేదు. ఆ రోజు నోరు తెరిచి ఒక మాట అన్నాడు. "ఏమన్నాడన్నది ఇక్కడ నమోదు చేయడం లేదు" అని రిపోర్టు.

ఆ వారంలోనే పెరెస్ ఇంట్లో మనవడు పుట్టాడు. కోడలు లావెండాకి మొదటి కాన్పు.

పుట్టిన మూడో రోజు నుంచి పిల్లాడు ఏడుపు ఎత్తుకున్నాడు. పాలు తాగేవాడు కాదు. దవాఖానాకి రెండుసార్లు తీసుకెళ్లారు. చూడాల్సినవన్నీ చూసి, లోపమేమీ లేదన్నారు. సెలైన్ పెట్టి పంపారు. బరువు మాత్రం రోజు రోజుకీ తగ్గుతోంది. మా దగ్గర ఇలాంటి ఏడుపుకి అర్థం ఒకటే. పోయినవాళ్లలో ఎవరో తన పేరు పెట్టమని అడుగుతున్నారు. ఆ పేరు పిలిచేదాకా బిడ్డ ఏడుపు ఆపడు.

ముసలమ్మలు వాకిట్లో చాప మీద కూర్చుని పిల్లాణ్ని చేతులు మార్చుకుంటూ పేర్లు పిలిచారు. ఒంగొరో. న్యమ్బోక్. అబుయా. వంశంలో పోయిన మగవాళ్లందరినీ వరసగా, హాజరు పిలిచినట్టు. ఒక్కో పేరు తర్వాత ఆగి వినేవారు. పిల్లాడు ఏడుస్తూనే ఉండేవాడు. మగవాళ్లు అయిపోతే ఆడవాళ్ల పేర్లు. అవీ అయిపోతే చిన్నప్పుడే పోయినవాళ్లవి, తర్వాత లావెండా పుట్టింటివాళ్లవి. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా, పోయినవాళ్ల పేర్లు కంచె దాటి బజారు దాకా వినిపించేవి. కూరగాయల వాళ్లు బేరాలు ఆపి వినేవారు. తమ ఇంటివాళ్ల పేరు ఏదైనా వస్తుందేమోనని కొందరు ముందే వెళ్లిపోయేవారు.

పిన్ని గదిలోకి కూడా వినిపించేవి.

కగేహా నెలవారీ రాక పిల్లాడు పుట్టిన పదకొండో రోజున పడింది. పిన్ని అంతా చెప్పింది, మనిషి పేరు చెప్పకుండా. ఆ గంట రిపోర్టులో దాదాపు మాటకి మాట ఉంది.

"కలలో వచ్చేది క్లయింటా, నీ మనసా?" అని కగేహా అడిగింది.

"నాకు తెలియదు మేడమ్."

"మనసైతే ఆ మాట నీది, ఎవరికైనా చెప్పుకోవచ్చు. క్లయింటైతే అతనిది. ఏది ఏదో తేల్చే వాక్యం మన పుస్తకంలో లేదు. మా అమ్మ ఉంటే తేల్చేది."

గోప్యత సడలించడానికి నియమావళిలో ఒక దారి ఉంది. పసిబిడ్డ ప్రాణం మీదకొస్తే చెప్పొచ్చు. దానికి ఒక ఫారం. కగేహా సంచిలోంచి ఆ ఫారం తీసి బల్ల మీద పరిచింది. ప్రమాదం ఎవరికి అన్న గడి సులువుగానే నిండింది. తర్వాతి గడి, ప్రమాదం ఎవరి వల్ల.

"ఇక్కడేం రాయమంటావు నెరియా? చనిపోయిన క్లయింటు వల్ల అని రాసి సంతకం పెడితే నీకు రావలసిన లైసెన్సు రాదు, నాకున్నది పోతుంది."

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారట. అప్పుడే బయటినుంచి ఇంకో పేరు వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

కగేహా మెల్లగా అడిగింది. "బతికున్నప్పుడు, ఈ గదిలో, తన పేరు గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?"

"అది మీకూ చెప్పను."

సూపర్‌వైజరుకి చెప్పకూడదని నియమమేమీ లేదు. అయినా కగేహా నొచ్చుకోలేదు. "అయితే నువ్వెక్కడ నిలబడి ఉన్నావో నాకన్నా నీకే బాగా తెలుసు" అని ఫారం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

పిన్ని నిలబడి ఉన్నచోటు ఇది. వెళ్లి ఆ పేరు పైకి చెబితే, పెళ్లిలేనివాడి పేరు నీకెందుకు తోచింది అని అడుగుతారు. కలలోకి వచ్చాడంటే, సొంత ఇంటి గుమ్మాలన్నీ వదిలి పరాయి ఆడదాని కలలోకి ఎందుకొచ్చాడు అంటారు. ఇక మంగళవారాలు బయటపడతాయి. ఆయనకిచ్చిన మాట పోతుంది, దానితో లైసెన్సూ పోతుంది. చెప్పకపోతే పిల్లాడు పోతాడు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని పెరెస్ వాకిట్లోకి నడిచింది.

పెరెస్ చాప మీంచి లేవలేదు. "రా గెమ్ ఆడపడుచా. పెద్దవాళ్ల ఏడుపులు అయిపోయాయేమో, పసివాళ్ల దగ్గరకొచ్చావు" అంది.

ఒకసారి ఎత్తుకుంటాను ఇవ్వండి అని పిన్ని అడిగింది. లావెండాకి ఏడ్చే ఓపిక కూడా లేదు, ఇచ్చేసింది. ఎండుచేపల పొట్లమంత బరువు కూడా లేడట. పిన్ని అందరికీ వీపు తిప్పి, తల వంచి, పిల్లాడి చెవి దగ్గర పెదవులు పెట్టింది. ఒక్క క్షణం. ఎవరికీ ఏమీ వినపడలేదు.

ఏడుపు మెల్లగా సన్నగిల్లి ఆగడం కాదు. మధ్యలో తెగిపోయింది, ఎవరో తలుపు మూసినట్టు. పిల్లాడు కళ్లు తెరిచాడు. పన్నెండు రోజుల పిల్లాడికి చూపు నిలవదంటారు. వాడి చూపు పిన్ని భుజం మీదుగా వెళ్లి కంచె దగ్గర నిలిచింది. చాప మీది ఆడవాళ్లందరూ అటు తిరిగి చూశారు. కంచె, దాని పక్కన బోర్లించిన పాత పడవ, అంతే. పిల్లాడు అటే చూస్తూ ఉన్నాడు, వచ్చినవాళ్లని పెద్దవాళ్లు చూసినట్టు. తర్వాత తల్లి రొమ్ము అందుకుని ఆత్రంగా తాగాడు.

పెరెస్ అప్పుడు లేచింది. "ఏ పేరు పిలిచావు?"

"చెప్పలేనమ్మా."

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పను."

"బిడ్డ మాది. పేరు మా వంశానిది. మధ్యలో దాచుకోవడానికి నువ్వెవరు?"

పిన్ని తల వంచుకుని ఇంటికి నడిచింది. పెరెస్ అక్కడి నుంచే ఆమె వీపుకి ఇంకా చాలా అడిగింది.

పిల్లాడు బతికాడు, బొద్దుగా అయ్యాడు. చర్చిలో ఎలియాకిమ్ అని పెట్టారు. అది చర్చి పేరు. వాడి లోపలి పేరేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. రేపు మళ్లీ జబ్బు చేస్తే ఏమని పిలవాలి? ఊళ్లో ఇంకో మాట పుట్టింది. నెరియా తన చచ్చిన మొగుడి పేరు పెట్టి, పిల్లాణ్ని పరాయి వంశంలోకి లాగేసుకుందని. పెరెస్ ఆ మాట నమ్మింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా నమ్మేవారు.

కౌన్సెలర్ల మీద ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో మా ఊళ్లో అందరికీ తెలుసు. నియమం ప్రకారం ఆ చిరునామా పిన్నే పెద్ద అక్షరాలతో రాసి తలుపు మీద అంటించింది. పెరెస్ కొడుకు అది చూసి ఉత్తరం రాశాడు.

కిసుములో లైసెన్సులిచ్చే బోర్డు సభ్యులు ముగ్గురు విచారణ చేశారు. కగేహా తన రిపోర్టు ఇచ్చి పిన్ని పక్కన కూర్చుంది. పిల్లాడు నీ క్లయింటా అని అడిగారు. కాదంది. పెద్దల అనుమతి తీసుకున్నావా అన్నారు. ఎత్తుకోవడానికి అడిగాను, చెవిలో మాట్లాడతానని చెప్పలేదు, అది నా తప్పే, ఒప్పుకుంటాను అంది. ఆ మాట రాసుకున్నారు. చివరికి పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, చెవిలో ఏం చెప్పావని అడిగాడు.

"ఒక్కరికే చెప్పానండీ. వాడికి ఇంకా మాటలు రాలేదు. వచ్చాక వాడినే అడగండి."

ఒక సభ్యురాలు నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. నిర్ణయం వాయిదా వేశారు. తాత్కాలిక కాగితం ఆరు నెలలు పొడిగించారు, కొత్తవాళ్లని తీసుకోకూడదన్న షరతు మీద. ఆరు నెలల తర్వాత మళ్లీ ఆరు నెలలు. పాతవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొందరు బాగుపడి మానేశారు, కొందరు ఊరి మాటలకి భయపడి. పిన్ని రోజూ గది తీసి, తుడిచి, కూర్చుని, సాయంత్రం తాళం వేసేది. ఆ ఏడుపు ఆగిన రోజు నుంచి మంగళవారాల్లో ఎవరూ రాలేదని రిపోర్టు చివర్లో ఉంది. నిద్ర కూడా రాలేదట.

ఎలియాకిమ్‌కి మూడేళ్లు నిండాయి. నడిచాడు, పరిగెత్తాడు. మాటలు మాత్రం రాలేదు. చెవులు బాగానే వినపడేవి. పిలిస్తే వచ్చేవాడు. కంచె దగ్గర కూర్చుని చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి అమర్చేవాడు. సందులేకుండా అతికించినట్టు అమర్చేవాడని లావెండా అంటుంది. ఇంట్లో ఎవరూ దాని గురించి ఎక్కువ మాట్లాడేవారు కాదు.

ఒక పొద్దున పెరెస్ వాకిట్లో చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పిల్లాడు ఎదురుగా కూర్చున్నాడు. బోర్డు నుంచి ముందురోజే కాగితం వచ్చింది, ఫిర్యాదు మీద ఆఖరి విచారణ అని. పెరెస్ పిల్లాణ్ని ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడిగింది, జవాబు కోసం కాదు. ఆ గెమ్ ఆడది నీ చెవిలో ఏమని ఊదింది రా అంది. ఈసారి దాని సంగతి తేల్చేస్తాను, గది మూయించేస్తాను అని కూడా అంది.

పిల్లాడు తల ఎత్తాడు.

"ఆవిణ్ని వేధించకు వదినా" అన్నాడు. "ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చింది."

పిల్లల ముద్దుమాట కాదు. నిదానంగా, కొంచెం గొంతు బొంగురుగా. అని, మళ్లీ చెక్కముక్కల వైపు తిరిగాడు. పెరెస్‌ని వదినా అని పిలిచినవాడు ఈ లోకంలో ఒక్కడే. ఆవిడ మొగుడికి తమ్ముడు ఒక్కడే.

ఆవిడ ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. ఎండ చాప మీదికి వచ్చిందట. ఇప్పటి దాకా తనేమీ గమనించని మంగళవారాలు గుర్తొచ్చాయట. మధ్యాహ్నం భోజనం కాగానే మరిది పడవ తీసుకుని ఒక్కడే వెళ్లేవాడు. సాయంత్రం వచ్చి కాస్త తేలిగ్గా ఉండేవాడు, ఒక్కోసారి ఇంకో ముద్ద అడిగేవాడు. చేపలకి వెళ్లాడనుకునేది. చేపలు ఎప్పుడూ తేలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. పిన్ని కోసం కాదు, నా కోసం. ఆవిడకి రాయడం రాదు. కొడుకు చేత రాయించడం ఇష్టం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాయమంది. నేను టైపు చేస్తుంటే పిన్ని లోపలి నుంచి టీ తెచ్చింది. పెరెస్ ఆమె ముఖంలోకి చూసి, "నాకు తెలిసింది" అంది.

"ఏం తెలిసిందో నాకు చెప్పకండమ్మా" అంది పిన్ని. "చెబితే నేను అవుననీ అనలేను, కాదనీ అనలేను."

"అక్కర్లేదులే. కూర్చో."

ముగ్గురం టీ తాగాం. పెరెస్ కప్పు కింద పెట్టి, మా మరిది నీ దగ్గర ఏడ్చేవాడా అని అడగబోయి ఆపేసుకుంది. అది నేను చూశాను. పిన్ని కూడా చూసింది.

బోర్డు వాళ్లు నెల తర్వాత తిరుగు జాబు రాశారు. ఫిర్యాదు ఉపసంహరించుకోవడానికి కారణం తెలపాలని, అది లేనిదే దస్త్రం మూయలేమని. పెరెస్ మళ్లీ నా పక్కన కూర్చుంది. పిల్లాడు మాట్లాడాడు అని రాయమంది. రాశాను. ఏమన్నాడో కూడా అడుగుతారేమో అన్నాను.

పెరెస్ మా వాకిట్లోకి చూసింది. ఎలియాకిమ్ అక్కడ మా కోడి వెంట పరిగెడుతూ, అందరు పిల్లల్లాగే వచ్చీరాని మాటలతో అరుస్తున్నాడు. ఆ పొద్దుటి తర్వాత వాడికి మాటలు వచ్చేశాయి. ఇప్పుడు ఆవిణ్ని నాయనమ్మా అనే పిలుస్తాడు.

"అడిగితే, అది ఇంట్లో మాట అని రాయి" అంది. "బోర్డువాళ్లకి అక్కర్లేదు."

అలాగే రాశాను. ఆ నెలాఖరుకి పిన్నికి లైసెన్సు వచ్చింది.